మాట నేర్పకుండా లైను అప్పగిస్తే



బెంగళూరులో హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ అని ఒక పేట ఉంది. హోసూరు రోడ్డు, సర్జాపూర్ రోడ్డు పేర్లు కలిపి దానికా పేరు పెట్టారు. మిల్లుల్లో పనిచేసే మనకు ఆ పేటతో పనేమిటని మీరు అడగవచ్చు. పని ఉంది. దాని అంచున సిల్క్‌బోర్డు కూడలిలో కేంద్ర పట్టు బోర్డు కార్యాలయం ఉంది. లోపల 27వ మెయిన్ రోడ్డు మీద నిఫ్ట్ అనే ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ ఉంది. ఇలాంటి సంస్థల్లో చదువుకున్న పిల్లలు కొందరు రేపు గార్మెంట్ ఫ్యాక్టరీల్లో ఆఫీసర్లవుతారు. హోసూరు రోడ్డు దాటితే బొమ్మనహళ్ళి. అక్కడి నుంచి ఊరి బయటికి రోడ్డు పొడవునా గార్మెంట్ ఫ్యాక్టరీలే. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వలస వెళ్ళిన మన ఆడపడుచులు ఎందరో ఆ మిషన్ల మీద కూర్చుని ఉన్నారు.

మా సభ్యుడొకరి కొడుకు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక కంప్యూటర్ కంపెనీలో పనిచేస్తున్నాడు. సంఘం పని మీద బెంగళూరు వెళ్ళినప్పుడు వాళ్ళింట్లోనే దిగాం. ఈ మధ్యే అతన్ని పదిమంది మీద మేనేజరును చేశారట. ఆ రోజు ఏదో కోచింగ్ క్లాసుందని పొద్దున్నే బయలుదేరుతున్నాడు. కోచింగంటే మాకు తెలిసింది గ్రూప్స్ కోచింగ్, కానిస్టేబుల్ కోచింగ్. ఉద్యోగం వచ్చాక ఇంకా కోచింగేమిటి నాయనా అని అడిగాం. అతను నవ్వి, సాయంత్రం వచ్చాక వివరంగా చెప్పాడు.

కొత్తగా మేనేజరైనవాళ్ళను ముగ్గురు ముగ్గురుగా కూర్చోబెడతారట. ఒకడు మేనేజరు, ఒకడు కింద పనిచేసేవాడు, మూడోవాడు పక్కన కూర్చుని చూసేవాడు. పని సరిగా జరగనప్పుడు ఎలా అడగాలి, అవతలివాడు చెప్పేది చివరిదాకా ఎలా వినాలి, తప్పును నలుగురిలో కాకుండా ఎలా చెప్పాలి అన్నవి నాటకంలాగా ఆడి చూస్తారు. చూసేవాడు చివర్లో చెబుతాడు: నువ్వు అడిగింది ఒక ప్రశ్న, ఇచ్చినవి ఆరు ఉపన్యాసాలు అని. మళ్ళీ ఆడతారు. పాత్రలు మారుస్తారు. ఇదంతా కంపెనీ ఖర్చుతో, కంపెనీ పని గంటల్లో!

వింటుంటే మాకు ముందు నవ్వొచ్చింది. తరువాత కోపం వచ్చింది. అక్కడికి రెండు మూడు కిలోమీటర్ల దూరంలో ఏం జరుగుతోంది? శనివారం దాకా మిషను మీద కాలరు కుట్టిన మనిషిని సోమవారం పొద్దున లైను ముందు నిలబెట్టి, రేపటి నుంచి నువ్వు సూపర్‌వైజరువి, గంటకు ఇన్ని పీసులు రావాలి అంటారు. అంతే. ఒక గంట శిక్షణ లేదు. చేతిలో ఒక కాగితం, వెనక ఫ్లోర్ ఇన్‌చార్జి, అతని వెనక ప్రొడక్షన్ మేనేజరు. పదిమందితో మాట్లాడటానికి నెలల తరబడి సాధన చేయించే ఊళ్ళోనే యాభై అరవైమందితో మాట్లాడాల్సిన మనిషికి ఒక్క పూట సాధన ఇవ్వరు. ఇదేమి న్యాయం?

మేము సూపర్‌వైజర్ల తరఫున వకాల్తా పుచ్చుకున్నామని కొందరు సభ్యులకు అనిపించవచ్చు. నోటి దురుసు సూపర్‌వైజర్ల వల్ల ఏడ్చిన అక్కచెల్లెళ్ళు ఈ పేజీలు చదువుతున్నారు. వాళ్ళ బాధ మాకు తెలియనిది కాదు. తెలుసు కనుకనే ఈ మాట ఎత్తుతున్నాం. తిట్టు పడలేక నాలుగో ఏడాదిలోనో, నాలుగున్నర ఏళ్ళకో పని మానేసి వెళ్ళిపోయిన పర్మనెంటు మనిషి ఏం పోగొట్టుకుంటుంది? ఐదేళ్ళు నిండితే రావాల్సిన గ్రాట్యుటీ పోగొట్టుకుంటుంది. పక్క ఫ్యాక్టరీలో చేరితే సర్వీసు మళ్ళీ ఒకటి నుంచి లెక్క. సూపర్‌వైజరు నోటి మాట మన లెక్కలో డబ్బే. అది మర్యాదకు మాత్రమే సంబంధించిన విషయం కాదు.

ఈ సంగతి కొత్తదీ కాదు. మిల్లుల్లో జాబర్ అని, మేస్త్రీ అని ఉండేవాడు. పనిలో పెట్టేది అతనే, తీసేది అతనే, పని నేర్పేదీ అతనే. మామూళ్ళు పుచ్చుకునేదీ అతనే. 1931లో విట్లీ కమిషన్ నివేదిక ఈ జాబర్ల పద్ధతిని గట్టిగానే విమర్శించింది. పేర్లు మారాయి, చేతిలో అధికారం కొంత తగ్గింది, అరుపు మాత్రం మిగిలింది.

మేము స్పిన్నింగ్ మిల్లులో రింగ్ ఫ్రేముల మీద సైడరుగా ఉన్న రోజుల్లో ఒక ఎండాకాలం పోగులు తెగడం మొదలైంది. ఒక పోగు అతికేలోపు పక్కన రెండు తెగేవి. అప్పటి షిఫ్టు మేస్త్రీ చేతకాని వెధవల్లారా అని ఫ్రేము ఫ్రేముకీ తిరుగుతూ అరిచేవాడు. రాత్రి షిఫ్టులో ఇంకో ముసలి జాబరు ఉండేవాడు. ఆయన వచ్చి ఏమీ మాట్లాడకుండా మా పక్కన నిలబడి పావుగంట పోగులు అతికాడు. ఆ తరువాత అడిగాడు: ఎప్పటి నుంచి ఇలా ఉందిరా? ఒక్క ఈ ఫ్రేమేనా, ఆ వరసంతానా? వరసంతా అన్నాం. ఆయన తిన్నగా వెళ్ళి చూస్తే గాలిలో తేమ పెట్టే ప్లాంటు సరిగా నడవడం లేదు. తేమ లేక నూలు పెళుసెక్కి తెగుతోంది. చేతకాని వెధవలెవరో అప్పుడు తెలిసింది. ఆ జాబరుకు కోచింగన్న మాట తెలియదు. కాని ఆయన చేసింది అదే. ముందు చూశాడు, తరువాత అడిగాడు, ఆ తరువాత తన చేతిలో ఉన్నది చేశాడు.

అలాంటి పెద్దమనుషులు పుట్టుకతో వస్తారని ఊరుకుంటే కుదరదు. నేర్పవచ్చని ప్రపంచానికి తెలిసి 80 ఏళ్ళు దాటింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1940 నుంచి 1945 దాకా, అమెరికాలో చేయి తిరిగిన పనివాళ్ళు సైన్యంలోకి పోతే, కొత్తవాళ్ళతో కర్మాగారాలు నడపడానికి ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ అనే పద్ధతి పెట్టారు. సుమారు పదిమంది ఫోర్‌మన్‌లను ఒకచోట కూర్చోబెట్టి, రెండు గంటల చొప్పున ఐదుసార్లు, మొత్తం పది గంటలు. అందులో ఒక భాగం కేవలం మనుషులతో వ్యవహారం గురించి. వచ్చిన ప్రతివాడూ తన సొంత షెడ్డులో నిజంగా జరిగిన ఒక తగాదా తెచ్చి అందరి ముందూ పెట్టాలి. పుస్తకంలో కథ చెబితే ఒప్పుకోరు. ముందు నిజాలు సేకరించు, తూచి నిర్ణయించు, చేయి, ఆ తరువాత ఏమైందో వెళ్ళి చూసుకో అన్నవి నాలుగు మెట్లు. 1950లలో అంతర్జాతీయ కార్మిక సంస్థ సాయంతో ఈ పద్ధతి మన దేశానికీ, అహ్మదాబాద్ బట్టల మిల్లులకూ వచ్చింది. అంటే మన పరిశ్రమ దీన్ని ఎరగనిది కాదు. ఎరిగీ మరిచింది.

ఇక ఈనాటి సంగతి. బెంగళూరులో ఐదు గార్మెంట్ ఫ్యాక్టరీల్లో కుట్టుపని చేసే ఆడవాళ్ళకు మాట తీరు, సమయం వాడుకోవడం, సమస్యలు పరిష్కరించుకోవడం వంటివి నేర్పి, ఆర్థిక శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. శిక్షణ పొందినవాళ్ళ ఉత్పత్తి బాగా పెరిగింది. శిక్షణ ముగిసిన ఎనిమిది నెలలకు కంపెనీకి ఖర్చుపోను పెట్టినదానికి రెండున్నర రెట్లు మిగిలింది. జీతం ఎంత పెరిగింది? సుమారు అర శాతం! మీరే లెక్క వేసుకోండి. శిక్షణ అంటే మేము ఎగిరి గంతులేయకపోవడానికి కారణం ఇదే. శిక్షణ కావాలి, దాని ఫలితంలో వాటా కూడా కావాలి.

లైను సూపర్‌వైజర్లకు ఇచ్చిన శిక్షణ మీద ఇంకో పరిశీలన జరిగింది. ఎవరిని పంపమంటారు అని పైఅధికారులను అడిగారు. వాళ్ళు ముందు వరసలో పెట్టినవాళ్ళకు శిక్షణ ఇస్తే వాళ్ళ లైన్లలో ఉత్పత్తి ఏమీ పెరగలేదు. వెనక వరసలో పెట్టినవాళ్ళ లైన్లలో 12 శాతం పెరిగింది. ఎవరు పని మానేస్తే తమకు తలనొప్పో వాళ్ళను నిలుపుకోవడానికి పైవాళ్ళు పేర్లిచ్చారు, అవసరం ఎవరికని చూసి కాదు. కనుక శిక్షణకు ఎవరు వెళ్ళాలన్నది ప్రొడక్షన్ మేనేజరు ఇష్టానికి వదలకూడదు. కొత్తగా సూపర్‌వైజరైన ప్రతి మనిషికీ లైను ఎక్కకముందే, జీతంతో, పని గంటల్లో ఇవ్వాలి. ఇదే మా మొదటి కోరిక.

ఇక్కడ హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చి బొమ్మనహళ్ళిలో పెడితే చెల్లదు. ఆ అబ్బాయి తన కింద పనిచేసేవాణ్ణి కాఫీకి తీసుకెళ్ళి అరగంట మాట్లాడతాడు. ఎవరూ గడియారం చూడరు. లైనులో ఆపరేటరు పది నిమిషాలు మిషను ఆపితే ఆమె వెనక బండిళ్ళు పేరుకుంటాయి, ముందున్న మనిషికి పని ఉండదు, ఆ గంట బోర్డు మీద అంకె తగ్గుతుంది. ఆ అంకె మళ్ళీ ఆమె నెత్తినే పడుతుంది. మాట్లాడటానికి పిలిచి, మాట్లాడినందుకు తిట్టినట్టవుతుంది. కాబట్టి మాట్లాడిన నిమిషాలను టార్గెట్‌లోంచి కొట్టివేయాలి. ఈ ఒక్కటి లేకపోతే మిగతాదంతా గోడ మీద అంటించే పోస్టరే.

మా వాళ్ళతో ఒక ఆదివారం ఈ సాధన చేసి చూశాం. మంగమ్మనపాళ్యలో ఒక సభ్యురాలి ఇంటి మేడ మీద చాప పరచుకుని కూర్చున్నాం. పదమూడేళ్ళుగా ఓవర్‌లాక్ మిషను మీద ఉన్న ఒక అక్కను సూపర్‌వైజరుగా ఉండమన్నాం. ఆవిడ పడ్డ మాటలన్నీ మాకు తెలుసు కనుక ఆవిడైతే మెత్తగా మాట్లాడుతుందనుకున్నాం. ఒక చిన్నపిల్ల ఆపరేటరుగా కూర్చుంది. పీసులు తగ్గాయి, కారణం అడగాలి, అంతే కథ. రెండు నిమిషాలు గడవలేదు. ఆ అక్క లేచి నిలబడి, ఏయ్, ఇంటికాడ నిద్రపోకుండా ఇక్కడికొచ్చి నిద్రపోతున్నావా, చేతకాకపోతే గేటు అటుంది చూడు, అని అరిచింది. అందరం విరగబడి నవ్వాం. ఆవిడ నవ్వలేదు. కూర్చుని మెల్లగా అంది: నాకు ఇంకో మాట రాలేదన్నా, ఇన్నేళ్ళూ నేను విన్నది ఇదే.

ఆ తరువాత ఎవరమూ నవ్వలేదు. మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి ఆవిడ ఒక్కటే అడగాలని నియమం పెట్టుకున్నాం: ఎక్కడ ఆగుతోందమ్మా, చూపించు. ఆ పిల్ల పాత్ర మరిచిపోయి తన సొంత లైను సంగతి చెప్పేసింది. కటింగ్ నుంచి వచ్చే ముక్కలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, సరిచేసుకుంటూ కుట్టాలి, ఆ మాట చెబితే కటింగ్‌వాళ్ళ మీద నేరం చెబుతావా అంటారని భయం. మరి పీసులు తగ్గింది ఆ పిల్ల వల్లనా? ఆ ఒక్క ప్రశ్నకు ఫ్యాక్టరీలో జవాబు దొరకక ఎన్ని నెలలు ఆమె తిట్లు తిన్నదో!

అయితే ఇంకో చిక్కు ఉంది. కారణం తెలిసింది సరే, సూపర్‌వైజరు ఏం చేయగలడు? కటింగ్ విభాగానికి వెళ్ళి చెప్పే అధికారం అతనికి ఉందా? ఆ పూట టార్గెట్ పది పీసులు తగ్గించే అధికారం ఉందా? లేదు. అధికారం ఇవ్వకుండా మాట నేర్పితే తీయగా అబద్ధం చెప్పడం నేర్పినట్టే. అక్కా, చెల్లీ అని పిలిచి ఓటీ చేయించుకునే సూపర్‌వైజర్లూ ఉన్నారు. తిట్టేవాడైనా నయం, మనకు కోపమన్నా వస్తుంది. మాట తీరు మార్చినంత మాత్రాన టార్గెట్ న్యాయమైపోదని కార్మికులు గుర్తుంచుకోవాలి.

ఈ మధ్య బెంగళూరు ఫ్యాక్టరీలకు ఒడిశా, జార్ఖండ్ నుంచి పిల్లలను తెచ్చి హాస్టళ్ళలో పెడుతున్నారు. సూపర్‌వైజరుకు తెలుగు, కన్నడం వచ్చు, ఆ పిల్లలకు అవి రావు. అరుపుకు భాష అక్కర్లేదు కదా, అందుకే అరుపే భాషవుతోంది. శిక్షణలో ఈ సంగతీ చేర్చాలి.

మాట లేకపోతే ఏమవుతుందో 2016లో హోసూరు రోడ్డే చూసింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో కేంద్రం పీఎఫ్ నిబంధన మార్చి, యజమాని వాటాను 58 ఏళ్ళు నిండేదాకా తీసుకోవడానికి వీల్లేదంది. మధ్యలో పని మానే ఆడకూలీకి ఆ డబ్బే ఆడపిల్ల పెళ్ళి, ఆ డబ్బే అప్పు తీరడం. ఏప్రిల్ 18న బొమ్మనహళ్ళి దగ్గర వేలమంది గార్మెంట్ మహిళలు రోడ్డెక్కారు. మర్నాడు అది ఇంకా పెరిగింది, లాఠీలు విరిగాయి, బస్సులు తగలబడ్డాయి. 19న అప్పటి కేంద్ర కార్మిక మంత్రి, మన హైదరాబాద్ మనిషి బండారు దత్తాత్రేయ ఆ నిబంధన వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించారు. గెలిచింది ఆ మహిళలు. నిజం చెప్పాలంటే సంఘాలు వాళ్ళ ముందు నడవలేదు, వెనక పరుగెత్తాయి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా రెండు నెలల్లో ఆ నిబంధనేమిటో ఆ ఆడవాళ్ళకు కూర్చోబెట్టి చెప్పినవాళ్ళు యాజమాన్యాల్లోనూ అరుదే, మాలోనూ అరుదే.

ఇంకా ఘోరమైనది తమిళనాడులో జరిగింది. 2021 జనవరిలో దిండిగల్ ప్రాంతంలో ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో పనిచేసే 20 ఏళ్ళ దళిత యువతి హత్యకు గురైంది. నిందితుడు ఆమె సూపర్‌వైజరే. ఆ తరువాత మహిళలు నడిపే అక్కడి టీటీసీయూ సంఘం పోరాడి, 2022 ఏప్రిల్‌లో యాజమాన్యంతోనూ విదేశీ కొనుగోలుదారులతోనూ ఒప్పందం చేయించింది. దాని ప్రకారం సూపర్‌వైజర్లకు, మేనేజర్లకు, కార్మికులకు అందరికీ శిక్షణ పెట్టారు. ప్రతి 25 మందికి ఒకరు చొప్పున కార్మికుల్లోంచే పర్యవేక్షకులను పెట్టారు. శిక్షణ పక్కనే కాపలా కూడా ఉండాలన్నది దానిలో మాకు నచ్చిన విషయం. 2013 చట్టం ప్రకారం పదిమంది ఉన్న ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి. మీ ఫ్యాక్టరీలో అందులో ఎవరున్నారో మీలో ఎందరికి తెలుసు?

మా తప్పు కూడా ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం మాతో జెండా మోసిన ఒక కార్మికుణ్ణి యాజమాన్యం సూపర్‌వైజరును చేసింది. మర్నాటి నుంచి మేము అతనితో మాట మానేశాం. రిజిస్టరులో పేరు కొట్టేశాం. టీ బంకు దగ్గర ఎదురైతే మొహం తిప్పుకున్నాం. కింద మేము వెలివేశాం, పైన వాళ్ళు మనిషిగా చూడలేదు. అరవడం తప్ప అతనికి దారేముంది? రెండేళ్ళ తరువాత బలవంతంగా రాజీనామా రాయించుకుంటే మా దగ్గరికే వచ్చాడు. అప్పటికి అతని జీతం 10,000 దాటింది. సూపర్‌వైజరు పని చేస్తూ అంతకు మించి తీసుకునేవాడు పారిశ్రామిక వివాదాల చట్టం కింద కార్మికుడు కాడు. మేము చేయగలిగింది ఏమీ లేకపోయింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి తెచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో ఆ హద్దు 18,000 అయింది. ఆ కోడ్‌లో మేము వ్యతిరేకించే సంగతులు చాలా ఉన్నాయి, వాటి గురించి వేరే రాస్తాం. ఈ ఒక్క అంకె మాత్రం మన సూపర్‌వైజర్లు తమ జీతపు చీటీతో సరిచూసుకోవాలి. ఆ హద్దు లోపల ఉన్నవాళ్ళు ఇప్పటికీ కార్మికులే, సంఘంలోకి రావచ్చు.

యాజమాన్యాలకు ఇంకొక్క మాట. సూపర్‌వైజరు ఆపరేటరుతో మాట్లాడింది ఏదైనా కాగితం మీద రాస్తే దాని నకలు ఆపరేటరుకూ ఇవ్వాలి, ఆమెకు వచ్చిన భాషలో. సాయం చేస్తామని పిలిచి రాసుకున్నదాన్ని రేపు చార్జిషీటుకు జతచేస్తే, ఆ తరువాత ఏ మనిషీ నోరు విప్పదు.

మేడ మీది కూర్పు మళ్ళీ మూడో ఆదివారం పొద్దున పది గంటలకు పెట్టుకున్నాం. పోయినసారి తొమ్మిదిమంది వచ్చారు, అందులో సూపర్‌వైజరు ఒక్కడే, అతను కూడా గుమ్మం దగ్గరే కూర్చున్నాడు. ఈసారి అతను ఇంకో ఇద్దర్ని తెస్తానన్నాడు. వచ్చినవాళ్ళ పేర్లు రాసుకోము, ఫొటోలు తీయము. ఎవరి లైనులో జరిగిన సంగతి వాళ్ళు తెచ్చుకోవాలి, ఫ్యాక్టరీ పేరు చెప్పనక్కర్లేదు. ఈసారి ఆడబోయేది: బిడ్డకు జ్వరమని మధ్యాహ్నం సెలవు అడగడానికి వచ్చిన ఆపరేటరు, ఆ రోజే షిప్‌మెంటు ఉన్న సూపర్‌వైజరు. ఆపరేటరు పాత్ర ఆ గుమ్మం దగ్గర కూర్చున్నతనిది.